మైనపక్క పారేసిన పొరలు

ఆ పరిశోధనశాలలో పాములుండేది కింది అంతస్తులో. పైన పనిచేసేవాళ్ళలో సగంమంది వాటి మొహం కూడా చూసి ఎరుగరు. రెండో అంతస్తులో, వరండా చివర, తలుపుకు బోర్డు కూడా లేని గదిలో ఒకావిడ ఇరవైరెండేళ్ళుగా కూర్చుని పనిచేస్తోంది. పాము విషం కండను ఏం చేస్తుందో మిగతావాళ్ళందరికీ చూపించేది ఆవిడే. హాజరుపట్టీలో ఆవిడకు శుభ్రమైన పేరొకటి ఉంది, కానీ దాంతో పిలిస్తే ఆవిడే పలకదు. అందరికీ ఆవిడ మైనపక్క.

ఎందుకంటే ఆవిడ బతుకంతా మైనంతోనే. విషమెక్కించిన ఎలుక కాలి కండను పైవాళ్ళు చిన్న సీసాలో వేసి పంపుతారు. దాన్ని అలాగే కోద్దామంటే చితుకుతుంది తప్ప తెగదు. అందుకని కరిగిన మైనంలో ముంచి, చల్లార్చి, చాక్లెట్టు ముక్కంత దిమ్మె చేస్తుంది. ఆ దిమ్మెను కోతమిషనుకు బిగించి చక్రం తిప్పుతుంటే బ్లేడు దగ్గర పొరలు ఒకదాని వెనక ఒకటి అంటుకుని రిబ్బనులా దిగుతాయి. ఎంత పల్చనంటే, ఒక తలవెంట్రుకను నిలువునా పదిహేను పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొరంత. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. వాటిని గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో తేలేసి, గాజుపలక మీదికి ఎత్తుకుని, ఆరబెట్టి, ఊదారంగులో ఒకసారీ గులాబీరంగులో ఒకసారీ ముంచాలి. అప్పుడు మైక్రోస్కోపులో కండ తన సంగతి చెబుతుంది. బతికున్నదయితే గులాబీరంగు దారాలు, దారాల అంచుల్లో ఊదా చుక్కలు. చచ్చినదయితే చుక్కలుండవు, దారాలు ఉబ్బి, తెగి, ముద్దకట్టి ఉంటాయి.

పొరలు కోస్తున్నంతసేపూ ఆ గదిలో ఫ్యాను తిరగడానికి వీల్లేదు, ఎండలు మండిపోతున్నా సరే. స్విచ్చి మీద ఎవరన్నా చెయ్యి వేస్తే, ఆ వేలు కూడా మిషన్లో పెట్టమంటావా అని అడిగేది. ఇంట్లో అత్తగారు పెళ్ళయిన కొత్తలో, ఎలకల్ని కోసే చేత్తో నా వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతావా అని మొహం మాడ్చుకునేదట. ఆ తరిగిన ఉల్లిపాయల్ని చూశాక ఆవిడ మళ్ళీ నోరెత్తితే ఒట్టు. చివరిదాకా ఇంటికొచ్చిన చుట్టాలందరికీ మా కోడలి చెయ్యి చూశారా అని చెప్పుకునేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ చెయ్యి బంగారం. ముడత ఉండదు, చీలిక ఉండదు, బుడగ ఉండదు. పక్క పరిశోధనశాలల వాళ్ళు కూడా తమ దిమ్మెల్ని పట్టుకొచ్చి బతిమాలుకునేవాళ్ళు. అంత చెయ్యి ఉన్న మనిషికి కాస్త తల ఎగరేయడం కూడా ఉంటుంది కదా. ఈవిడకు కాస్తకన్నా ఎక్కువే ఉండేది.

ఆ పని నేర్పింది పెద్దమేడం. ఇప్పుడు ఆ సంస్థకంతటికీ పెద్ద ఆవిడే. మైనపక్క చేరిన మొదటివారంలో ముచ్చటైన పలకలు నాలుగు చేసి, బడిపిల్ల లెక్కల పుస్తకం చూపించినట్టు తీసుకెళ్ళి చూపించింది. పెద్దమేడం ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టేసింది. ఆరోగ్యంగా ఉన్న కండ నాకెందుకమ్మా, విషం ఎక్కడ అన్నిటికంటే ఎక్కువ పాడుచేసిందో ఆ చోటు చూపించు, పైపై పొరలు పారేసి లోపలికి వెళ్ళు అంది. అప్పట్లో వాళ్ళ పనల్లా ఏ పాము విషం కండను ఎలా చంపుతుందో తెలుసుకోవడమే. కాబట్టి ఆ మాట నూటికి నూరుపాళ్ళు సరైనదే.

అంతే, అది అక్కడి ఆనవాయితీ అయిపోయింది. దిమ్మె బిగించడం, చక్రం తిప్పడం, మొదట వచ్చిన రిబ్బన్లను బుట్టలో పడేయడం, మధ్యమధ్య ఒక పొర తీసి మైక్రోస్కోపులో ఓ చూపు చూడటం, బాగా చచ్చిన చోటు రాగానే అక్కడి పొరను పలక మీదికెత్తడం. ఒక కండకు ఒక పలక. ఇరవైరెండేళ్ళలో ఆవిడ బుట్టలో పోసిన పొరలన్నీ పరిస్తే ఊరు ఊరంతా కప్పేయొచ్చు.

మైనపక్క మొగుడు దర్జీ. మామూలు దర్జీ కాదు, కత్తెర పట్టే మనిషి. కోటు గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దముక్కతో రెండు గీతలు గీసి కత్తెర వేశాడంటే మళ్ళీ దిద్దుబాటు ఉండేది కాదు. ఇంట్లో ఇద్దరూ కోత పనివాళ్ళేనని, మాటల్లోనూ కోతలు కోస్తారని చుట్టాలు ఏడిపించేవాళ్ళు. మూడేళ్ళ కిందట ఒక పొద్దున ఆయన కొట్టు వెనక గదిలో గుడ్డల మూటల మధ్య చెయ్యి పెట్టాడు. అక్కడున్న పాము కుడిచేతి చూపుడువేలి మొదట్లో కాటేసింది.

గంటలోపే ఆసుపత్రికి చేర్చారు. విరుగుడు ఎక్కించారు. ప్రాణం దక్కింది. ఆ విరుగుడు గొప్పదే, రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుని కట్టేస్తుంది. కానీ కాటుపడ్డ చోట కండలోకి దిగిపోయిన విషం దగ్గరికి అది చాలినంతగా చేరలేదు, చేరేలోపు విషం తన పని తాను చేసుకుపోతుంది. ఇది డాక్టర్లు చెప్పనక్కర్లేకుండానే మైనపక్కకు తెలుసు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, ఇవాళ దారాలు ఉబ్బుతుంటాయి, రేపు తెగుతాయి, ఎల్లుండికి చుక్కలుండవు అని రోజులు లెక్కపెట్టుకుంది. మిగతావాళ్ళు అదృష్టం, గండం గడిచింది అంటుంటే ఆవిడొక్కతే కుళ్ళికుళ్ళి ఏడ్చింది. తొమ్మిదోరోజున చూపుడువేలు, నడిమివేలు తీసేశారు. బొటనవేలు మిగిలింది గానీ కొయ్యలా బిగుసుకుపోయింది.

అప్పట్నుంచీ కత్తెర ఆవిడ మరిది పట్టుకుంటున్నాడు. ఆయన ఎడంచేత్తో బొత్తాలు కుడుతూ, మడతలు కుడుతూ కూర్చుంటాడు. నోరు మాత్రం తగ్గలేదు. నాకంటే మంచి కట్టరు ఈ వీధిలో ఉండకూడదని ఆ పాము ఎవరి దగ్గరో పందెం కాసి ఉంటుంది అంటాడు. వచ్చినవాళ్ళు నవ్వుతారు. మైనపక్క నవ్వదు.

కాబట్టి కాటుపడ్డ చోట చావును ఆపే మందు ఒకటి రావాలని ఆవిడ కోరుకున్నంతగా ఆ భవనంలో ఇంకెవరూ కోరుకుని ఉండరు. ఏడాది కిందట కళ్ళజోడమ్మాయి వచ్చింది. ముప్ఫై నిండని పిల్ల, మొహంలో సగం కళ్ళజోడే. విషంలో కండను కత్తిరించే పదార్థాలుంటాయి, వాటికి అడ్డుపడే మందును విరుగుడుతోపాటు కాటుపడ్డ చోట ఇస్తే ఎలా ఉంటుందని ఆ పిల్ల ఆలోచన. విషమెక్కించిన గంట తర్వాత నలభై ఎలుకలకు ఆ మందు ఇవ్వాలి, నలభైకి ఇవ్వకూడదు, రెండు రకాల కండలనూ పోల్చి చూడాలి. అది విన్న రోజున మైనపక్క ఇంటికెళ్ళి, మందొస్తోందండీ అని మొగుడితో చెప్పింది, రేపో మాపో బజార్లోకి వచ్చేస్తున్నట్టు.

మొదటిరోజే ఆ పిల్ల మైనపు గదికి వచ్చి, ఎంతో మర్యాదగా, దిమ్మెలో ఏ చోట కోస్తారక్కా, మొదట్నుంచి చివరిదాకా అంచెలంచెలుగా పొరలు తీస్తే బాగుంటుందేమో అంది. అంతే, ఈవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నువ్వు పలకాబలపం పట్టిన నాటికే నేనీ చక్రం తిప్పుతున్నాను. ఎక్కడ కొయ్యాలో నాకు నేర్పకు" అంది.

ఆ పిల్ల సారీ చెప్పి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. తర్వాత్తర్వాత ఇద్దరికీ బాగానే కుదిరింది. కలిసి టీ తాగేవాళ్ళు. పిల్ల భోజనం మానేసి పనిచేస్తుంటే, నీ మందు సంగతి సరే, ముందు నువ్వు చచ్చేలా ఉన్నావని తిట్టి తినిపించేది. ఎనభై దిమ్మెలు కోసింది, అంకెలు తప్ప ఏది ఏ రకమో తెలియకుండా. మనసులో మాత్రం ప్రతి దిమ్మెకూ దండం పెట్టుకుంది.

పలకలన్నీ బయటి డాక్టరొకాయన చూసి మార్కులు వేశాడు. ఏ అంకె ఏ రకానిదో విప్పి చూస్తే రెండు రకాలకూ తేడా ఏమీ లేదు. మందు ఇచ్చినా చచ్చిన కండే, ఇవ్వకపోయినా చచ్చిన కండే. శుక్రవారంనాడు సమీక్షకు పెద్దలు వస్తున్నారు, ఆ రోజుతో ఆ పని మూసేస్తారు. పిల్ల వాష్‌బేసిన్ దగ్గర కుళాయి విప్పి, నీళ్ళ చప్పుడు చాటున ఏడ్చింది. పెద్దమేడం తనకు తెలిసిన పద్ధతిలో ఓదార్చింది. ఎనిమిదేళ్ళ కిందట నా మందు కూడా ఇలాగే పోయింది, నేను నాలుగేళ్ళు దాన్ని పట్టుకుని వేళ్ళాడాను, నువ్వు ఏడాదితో బయటపడ్డావు అంది. అది ఓదార్పో కాదో నాకు తెలీదు. మైనపక్క ఆ రాత్రి మొగుడికి ఏమీ చెప్పలేదు.

సోమవారం పెద్దమేడం నాలుగు దిమ్మెలు పంపింది. లెక్కలోకి ఎక్కని మిగులు దిమ్మెలవి, రెండు మందు ఇచ్చినవీ రెండు ఇవ్వనివీ. సమీక్షలో ఫోటోలు చూపించాలట, కొత్త పలకలు చెయ్యమంది. అదే పొద్దున గులాబీరంగు కొత్త సీసా వచ్చింది. కొత్త సీసా వస్తే ముందు పరీక్షించాలి, అందుకు మంచి పొరలు వృథా చెయ్యకూడదు. ఇదీ మైనపక్క పెట్టుకున్న నియమమే. అందుకని ఆ దిమ్మెల నుంచి మొదట వచ్చిన రిబ్బన్లను, మామూలుగా బుట్టలోకి పోయేవాటిని, నీళ్ళలో తేలేసి, పలకల మీదికెత్తి రంగు వేసింది.

మొదటి పలక మందు ఇవ్వనిది. పైపొరలోనే ఈ చివర నుంచి ఆ చివరదాకా చచ్చిన కండ. రంగు బాగానే పట్టింది. రెండోది మందు ఇచ్చినది. దాన్ని చూసి, పొరపాటున వేరే ఎలుక కండ వచ్చిందనుకుంది. చక్కటి గులాబీ దారాలు, వరసగా ఊదా చుక్కలు. దిమ్మె మీది అంకె చూసింది. అంకె సరిగ్గానే ఉంది.

అప్పుడావిడ ఇరవైరెండేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది. నాలుగు దిమ్మెల్నీ ఒక్క పొర కూడా పారెయ్యకుండా కోసుకుంటూ పోయింది. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. మందు ఇవ్వని రెండూ మొదటి పొర నుంచి చివరిదాకా చావే. మందు ఇచ్చినవి మధ్యలో మాత్రం చచ్చాయి, విషం సూది దిగిన చోట. దానికి ఇటూ అటూ కండ నిక్షేపంగా ఉంది. గంట ఆలస్యంగా ఇచ్చిన మందు అప్పటికే చచ్చినదాన్ని ఏం బతికిస్తుంది? అది ఆపింది చావు పాకడాన్ని. ఆ ఆపినదంతా ఉండేది అంచుల్లో. ఆ అంచుల్నే ఆవిడ ఏరికోరి బుట్టలో పోసి, ఎంత మంచి మందయినా ఓడిపోయే చోటొక్కటే వెతికి, ముడతలేకుండా, చీలికలేకుండా, బంగారంలాంటి చేత్తో పలక మీదికెత్తి చూపించింది.

ఆవిడ కాలి పక్కనున్న బుట్టలోకి చూసింది. ఆ రోజుకి అది ఖాళీగా ఉంది.

ఇప్పుడు నిజం చెప్పుకుందాం. మంచిమనిషి కాబట్టి వెంటనే పరుగెత్తుకెళ్ళి చెప్పేసిందని రాస్తే బాగుంటుంది. కానీ అలా జరగలేదు. పలకల్ని డబ్బాలో పెట్టి మూత వేసింది. మంగళవారమంతా తనతో తనే వాదించుకుంది. నాకు చెప్పిందే చేశాను అనుకుంది. నాలుగు దిమ్మెలతో ఏం తేలుతుంది, కాకతాళీయమేమో అనుకుంది. అన్నిటికీ మించి, ఆ పిల్ల మొదటిరోజే అడిగింది. అడిగితే తను ఏమందో ఒక్కొక్క మాటా గుర్తుంది. ఇరవైరెండేళ్ళ పేరంతా ఆ ఒక్క పలక కింద పడి నలిగిపోతుంది. చెప్పకపోతే శుక్రవారంతో మందు పోతుంది, తన పేరు ఉంటుంది. ఎవరికీ తెలియదు. అంత సిగ్గుచేటు ఆలోచన తనకు వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది, అయినా ఆ ఆలోచన పోలేదు.

సాయంత్రం ఇంట్లో గిన్నెలు దబదబా పడుతుంటే మొగుడు బొత్తాం కుడుతూ తలెత్తి ఏమైందన్నాడు. పనిలో ఒక పొరపాటు కనబడింది, నాదే, ఇంకా ఎవరికీ తెలీదు అని మాత్రం చెప్పింది. ఏ పొరపాటో ఆయన అడగలేదు. దారం కొరికి, సూది గుడ్డకు గుచ్చి, తన చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాడు. పని నేర్చుకునే రోజుల్లో ఎవరో తెచ్చిన కోటు గుడ్డను తను తప్పు కత్తిరించి, మడతపెట్టి, మిగతావాటి అడుగున దాచేశాడట. వారం రోజులు తిండి సయించలేదట.

"కత్తెర పట్టేవాడికి తప్పుకోత పడక మానదు. దాచడం మాత్రం మనం కావాలని చేసేది. వేసుకునేవాడు ఒకడున్నాడు కదా, వాడి ఒంటిమీద బయటపడుతుంది" అన్నాడు.

వేసుకునేవాళ్ళు ఎవరో మైనపక్కకు తెలుసు. పొలాల్లో, గోదాముల్లో, చీకటి మూలల్లో చెయ్యి పెట్టేవాళ్ళు.

బుధవారం పొద్దున్నే పెద్దమేడం గదిలోకి వెళ్ళింది. కళ్ళజోడమ్మాయి కూడా అక్కడే ఉంది, శుక్రవారం చదవాల్సిన కాగితాలు సర్దుకుంటోంది. మైనపక్క ఆ గదికి కూర్చోవడానికి ఎప్పుడూ వెళ్ళలేదు, ఆ రోజూ కూర్చోలేదు. డబ్బా బల్ల మీద పెట్టి, పిల్లవైపు తిరిగింది.

"నీ మందు పనిచేసిందమ్మా. పనిచెయ్యనిది నా కోత. నువ్వు మొదటిరోజే అడిగావు, నేనే నోరుమూయించాను" అంది.

పిల్లకు ముందు అర్థం కాలేదు. మైక్రోస్కోపు దగ్గర కూర్చుని ఒక పలక చూసింది, రెండోది చూసింది, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. కోపగించుకుంటుందేమోనని మైనపక్క కాచుకుని నిలబడింది. తిడితే పడటానికి సిద్ధపడే వచ్చింది. పిల్ల లేచి వచ్చి ఆవిడ భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. అది సంతోషమో, ఉక్రోషమో, ఏడాదిపాటు భోజనం మానేసిన నీరసమో, ఆ పిల్లకే తెలియదు. మైనపక్క ఆ పిల్ల వీపు నిమురుతూ నిలబడింది.

పెద్దమేడం మాత్రం మైక్రోస్కోపు దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు. ఒక్కొక్క పలకా మారుస్తూ చూసింది. చివరికి తల ఎత్తకుండానే అడిగింది.

"నా దిమ్మెలున్నాయా?"

ఎనిమిదేళ్ళనాటి దిమ్మెలు. ఉన్నాయి. మైనపక్క దిమ్మెల్ని ఎప్పుడూ పారెయ్యలేదు, బీరువాల్లో డబ్బాలకు డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఆ ప్రశ్న వినేదాకా ఆవిడ తన భయంలో తానుండి అంతదూరం ఆలోచించలేదు.

కానీ ముందు శుక్రవారం గడవాలి. ఒక్క నయం ఏమిటంటే, ఆవిడ ఎప్పుడూ కండ మధ్యదాకా వెళ్ళి ఆగిపోయేది. వెనక సగం దిమ్మెలో అలాగే ఉంటుంది. మైనం కరిగించి, కండను తిరగేసి, మళ్ళీ మైనంలో పెట్టి, వెనక నుంచి కోసుకురావచ్చు. బుధ, గురువారాల్లో ఇరవై దిమ్మెలు తిరగేసింది. పిల్ల పక్కన నిలబడి పలకలందించింది. మధ్యలో ఒకసారి మరిచిపోయి ఫ్యాను వేయబోయి, నాలుక కరుచుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. పలకలు చేసినవి చేసినట్టు బయటి డాక్టరు దగ్గరికి వెళ్ళాయి, ఈసారి ఒక్కో కండకు పది పలకలు. మందు ఇచ్చినవాటిలో అంచులు బతికే ఉన్నాయని ఆయన కూడా తేల్చాడు. సమీక్షకు వచ్చిన పెద్దలు రెండు గంటలు ప్రశ్నలడిగారు. కోసిందెవరని అడిగితే మైనపక్క తనే లేచి నిలబడి, ఆనవాయితీ ఏమిటో, అది ఎక్కడ దెబ్బకొట్టిందో చెప్పింది. ఏదీ దాచలేదు. పని మూసెయ్యలేదు. ఎనభై దిమ్మెలూ మొత్తం కోసి చూపించమని ఆరునెలలిచ్చారు.

ఆ తర్వాతి వారం పెద్దమేడం దిమ్మెలు తీశారు. మందు ఇచ్చినవాటిలో పన్నెండు తిరగేశారు. పిల్ల మందంత గట్టిగా కాదు గానీ, తొమ్మిదింటిలో అంచు బతికి ఉంది. పెద్దమేడం మైనపు గదిలో స్టూలు మీద కూర్చుంది. ఆ గదిలో ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

"నేనే కదూ చెప్పింది, బాగున్నది పారెయ్యమని. అప్పుడది సరైన మాటే. ప్రశ్న మారాక కూడా అదే మాట ఎందుకు పట్టుకున్నామో చూడు" అంది.

తర్వాత ఇంకొంచెం నెమ్మదిగా, తన మందును వదలకుండా ఉంటే ఇప్పటికి అది ఎక్కడుండేదో అని లెక్కలు కట్టింది. ఎనిమిదేళ్ళంటే, అన్నీ కలిసొస్తే, నాలుగో ఏటో ఐదో ఏటో ఆసుపత్రిలో మనుషులకిచ్చి చూస్తుండేవాళ్ళు. కలిసిరాకపోతే అదీ లేదు. లెక్క మధ్యలో ఆవిడ చటుక్కున ఆగిపోయి మైనపక్క మొహంలోకి చూసింది. దర్జీ చెయ్యి ఆవిడకు గుర్తొచ్చింది. మైనపక్క ఆ లెక్క అంతకుముందే పూర్తిచేసింది.

ఆ మందు అప్పటికి వచ్చి ఉండేదేమో. ఉండేది కాదేమో. ఈ రెండు మాటల మధ్య ఒక మనిషి ఎన్నిసార్లు తిరగగలదో అన్నిసార్లు తిరిగింది. ఇది చెప్పాలా? చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు. చెప్తే పోయిన వేళ్ళు రావు. ఈసారి రెండోరోజు దాకా ఆగలేదు. అదే సాయంత్రం కొట్టుకు వెళ్ళి, మరిది టీకి వెళ్ళినప్పుడు ఎదురుగా కూర్చుని, పెద్దమేడం మందు సంగతి, తన బుట్ట సంగతి, ఏళ్ళ లెక్క, మొత్తం చెప్పింది.

ఆయన విన్నాడు. ఏదో ఒక జోకు వేస్తాడని ఆవిడ చూసింది. వెయ్యలేదు. పెళ్ళయ్యాక తన కష్టం మీద ఆయన జోకు వెయ్యని సందర్భం అదే మొదటిది. ఆసుపత్రిలో, కట్టు విప్పిన రోజున కూడా ఏదో అన్నాడు. ఇప్పుడు కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, గుడ్డలు పరిచే బల్లవైపు చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు ఇంటికెళ్ళు. నేను కాసేపుండి వస్తాను" అన్నాడు.

రెండురోజులు ఇంట్లో అవసరమైన మాటలు తప్ప లేవు. ఉప్పు అందించమంటే అందించాడు, తలుపు వెయ్యమంటే వేశాడు. అరిచినా బాగుండుననిపించింది ఆవిడకు. తను ఏమీ తెలియక చేసిందని ఆయనకు తెలుసు, ఆవిడకూ తెలుసు, ఆ తెలియడం ఇద్దరిలో ఎవరికీ అక్కరకు రాలేదు. పక్కమీద అటు తిరిగి పడుకున్న ఆయన వీపు చూస్తుంటే ఏడుపొచ్చేది, ఏడిస్తే మళ్ళీ ఓదార్చాల్సిన బరువు ఆయనమీదే పడుతుందని దిగమింగుకునేది.

మూడోరోజు పొద్దున ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి అడిగాడు.

"ఇంకా ఎన్నున్నాయి?"

పిల్ల మందువి అరవై, అవి కాక ఇలాగే పనిచెయ్యలేదని మూసేసిన పాత మందులు ఇంకో మూడున్నాయి, అన్నీ కలిపి రెండువందల పైమాటే, మేడం అన్నిటినీ తిరగేసి కొయ్యమంది అని చెప్పింది. చెప్పి, ఇంక ఆగలేక అడిగేసింది.

"కోపం తగ్గిందాండీ?"

"లేదు" అన్నాడాయన. అబద్ధం చెప్పి మెప్పించే మనిషి కాదు. "తగ్గడానికి టైము పడుతుంది. అంతదాకా రోజూ ఇంటికొచ్చి, ఇవాళ ఎన్నిటికి అంచు బతికుందో నాకు చెప్పు."

ఆ రోజు పదకొండు దిమ్మెలు కోసింది. ఏడింటికి బతికుంది. ఇంటికెళ్ళి, చెప్పులు విప్పకముందే, గుమ్మంలో నిలబడి చెప్పింది.